కొండ మీంచి చూస్తే సామ్రాజ్యం

విశాఖలో తెల్లారగట్ట ఎక్కిన కిరండూల్ పాసింజరు బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. అక్కణ్నుంచి సొరంగం, లోయ, మళ్లీ సొరంగం. ఆ మధ్య ఒకసారి ఆ బండిలో ఆర్కడీ మార్టీన్ రాసిన ‘ఎ మెమరీ కాల్డ్ ఎంపైర్’ నవల చదువుతూ అరకు వెళ్లాను. చీకటి కమ్మినప్పుడల్లా వాక్యం సగంలో ఆగిపోయేది. త్యాడ దగ్గర మా బండిని పక్కన నిలబెట్టారు. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు ఒకటి తీరిగ్గా కిందికి దిగిపోయింది. ఈ లైనులో పెద్దపీట దానిదే. బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన దారి ఇది. మనం తర్వాత వచ్చి ఎక్కినవాళ్లం. నవలలో కథానాయిక పుట్టిన ఊరు కూడా గనుల ఊరే కావడంతో, కిటికీ బయటా పుస్తకం లోపలా ఒకటే గూడ్సు పోతున్నట్టు అనిపించింది.

ఆ అమ్మాయి పేరు మహీత్. (వినడానికి మన మహితలా ఉంటుంది, ఏ చుట్టరికమూ లేదు.) ఊరి పేరు ల్సెల్. అంతరిక్షంలో తేలే ఊరు అది. ముప్పై వేల జనం, గాలినీ నీటినీ కొలుచుకుని బతుకుతారు. పక్కనే తెయిష్కలాన్ అనే మహా సామ్రాజ్యం గ్రహం తర్వాత గ్రహం కలుపుకుంటూ వస్తోంది. రాజధానిలో ల్సెల్ రాయబారిగా ఉన్న మనిషి జాడ లేకుండా పోతే ఆ చోటికి మహీత్‌ను పంపుతారు. తన ఊరు ఆ నోట్లో పడకుండా చూడడం ఆమె పని. చిక్కల్లా ఏమిటంటే, చిన్నప్పటి నుంచీ ఆ సామ్రాజ్యపు పద్యాలు కంఠతా పడుతూ పెరిగిన పిల్ల ఆమె. ఎప్పటికైనా ఆ నగరం చూడాలని కలలు కన్న పిల్ల. మింగడానికి వచ్చేదాన్నే మనసులో పెట్టుకుంది.

ఈ చిక్కును పట్టుకుని నడిచే నవలల్ని రాజకీయ స్పేస్ ఒపెరా అంటున్నారు. ‘స్పేస్ ఒపెరా’ మొదట తిట్టు. 1941లో విల్సన్ టక్కర్ అనే రచయిత నాసిరకం రాకెట్టు కథల్ని వెక్కిరిస్తూ వాడిన మాట. పోనుపోను ఆ తిట్టే బిరుదైంది. అసిమోవ్ రోమన్ సామ్రాజ్య పతనం మీద గిబ్బన్ రాసిన చరిత్రను నక్షత్రాల మధ్యకు ఎత్తి ‘ఫౌండేషన్’ కథలు అల్లాడు. 1965లో హెర్బర్ట్ ‘డ్యూన్’ వచ్చింది. ఇటీవలి పంటలో ఆన్ లెకీ ‘యాన్సిలరీ జస్టిస్’ 2013లో, యూన్ హా లీ ‘నైన్‌ఫాక్స్ గాంబిట్’ 2016లో, మార్టీన్ నవల 2019లో వెలువడ్డాయి. వీటిలో యుద్ధనౌకలకు కొదవ లేదు గానీ, అసలు పోరు దర్బారులోనూ దఫ్తరంలోనూ విందు బల్ల దగ్గరా సాగుతుంది. 2020లో హ్యూగో బహుమతి అందుకున్న మార్టీన్ వృత్తిరీత్యా బైజాంటియం చరిత్రకారిణి. ఆ సామ్రాజ్యం 11వ శతాబ్దంలో తన తూర్పు అంచున ఉన్న ఆర్మేనియా రాజ్యాన్ని ఎలా కలిపేసుకుందో పాత కాగితాల్లో చదువుకున్న మనిషి. కాబట్టి ఆమె సామ్రాజ్యం కత్తి దూసే ముందు పద్యం చదువుతుంది.

ఈ రచయితలు ముందుగా చేతిలోకి తీసుకునే పనిముట్టు భాష. తెయిష్కలాన్ భాషలో నగరానికీ సామ్రాజ్యానికీ లోకానికీ ఒకటే మాట. ఆ మాట పలికినప్పుడల్లా బయటివాణ్ని లోకంలోంచే బయటికి నెట్టేస్తున్నామని పలికేవాడికి తట్టదు. లెకీ నవలలోని రాచ్ సామ్రాజ్యంలోనూ అంతే: ఆ దేశపు మనిషికీ, నాగరికుడికీ వేరు మాటలు లేవు. ఈ కల్పనకు అబ్బురపడి పుస్తకం మూసి కాసేపు కూర్చుంటే మన మాట గుర్తొస్తుంది. నాగరికుడు. నగరంలో ఉండేవాడు. ఇంత పచ్చిగా ఏ స్పేస్ ఒపెరా రచయితా రాయలేదేమో. తెలుగు పాఠ్యపుస్తకంలో ‘నాగరికత’ పాఠం చదువుతున్న అరకు పిల్లకు ఆ మాట పొట్టలో తన ఊరికి చోటు లేదని ఎవరూ విప్పి చెప్పరు. ఉర్సులా లె గ్విన్ 1972లో ఇదే కిటుకును తిరగేసి, అడవికీ లోకానికీ ఒకే మాట ఉన్న జనాన్ని సృష్టించి, ఆ మాటనే నవలకు పేరుగా పెట్టింది.

మన్యం తిరిగేవాడికి ఇలాంటి మాటలు అడుగడుక్కీ తగులుతాయి. ‘ఏజెన్సీ’ ఉంది. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖ కొండల్ని మామూలు కోర్టుల కింది నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు చేతిలో పెట్టింది. ఆ గవర్నరు పోయాడు, ఏజెంటు పోయాడు, చివరికి ఇంగ్లండు రాజే పోయాడు. బస్సు కండక్టరు నుంచి జ్వరాల వార్త రాసే విలేకరి దాకా ఇవాళ్టికీ అందరూ ‘ఏజెన్సీ’ అనే అంటారు. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక కూడా ఆ మాట చెక్కు చెదరలేదు. ఎవరి మీద తిరగబడ్డాడో వాళ్ల మాటే ఆయన జిల్లాకు వాడుకపేరు.

‘పితూరీ’ కథ ఇంకా చిత్రం. తెల్లవాళ్ల దఫ్తరంలో కొండవాళ్ల తిరుగుబాటుకు పెట్టిన పేరు అది. కల్లు మీద వేసిన చిగురుపన్ను దగ్గర రాజుకుని 1879లో భగ్గుమన్న రంప పోరాటం వాళ్ల రాతల్లో పితూరీ. కింద మైదానపు తెలుగులో ఆ మాట ఏమైందో చూడండి: పక్కింటావిడ మీద అత్తగారికి మోసే చాడీ. ఒక మనిషి ప్రాణాలకు తెగించి లేవడం, ఒక మనిషి గుసగుసగా ఫిర్యాదు చేయడం, రెంటికీ మనకు ఒకటే మాట. కొన్ని ఊళ్ల సమూహమైన ‘ముఠా’ పేపరు భాషలో దొంగల గుంపైంది. ఇక ‘దొర’ ఉంది. కొండదొరలకు అది తెగ పేరు, ఎందరికో ఒంటి పేరులో భాగం. మైదానంలో అదే మాట తెల్లవాడికి కట్టబెట్టాం. అల్లూరి పక్కన పోరాడిన గాం గంటం దొర గురించి, ‘గంటం దొర మీదికి తెల్లదొర వచ్చాడు’ అని రాస్తే ఆ వాక్యంలో ఇద్దరూ దొరలే. మార్టీన్ ఇంత కష్టపడి కల్పించుకున్నది మనకు ఊరికే దొరికింది. మనం దాని మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాం.

పేర్ల సంగతి చూద్దాం. తెయిష్కలాన్ పౌరులకు ఒక అంకె, ఒక నామవాచకం కలిపి పేరు పెడతారు. మహీత్‌కు తోడుగా వచ్చే అధికారిణి పేరును తెలుగు చేస్తే ‘మూడు కడలిగడ్డి’. చక్రవర్తి ‘ఆరు దిక్కు’. కొత్తగా పౌరసత్వం దొరికిన ఒకడు సంబరంగా ‘ముప్పయ్యారు మంచునేల బండి’ అనే పేరు పెట్టుకున్నాడట. రాజధాని పడిపడి నవ్వుకుంటుంది. మనమూ నవ్వుతాం, నవ్వుతూ ఉండగానే ఎవరి పక్కన కూర్చుని నవ్వుతున్నామో తెలిసొస్తుంది. అరకు చుట్టుపక్కల పెద్దవాళ్లకు పుట్టిన వారాన్ని బట్టి పేర్లుండేవి: సోంబారి, మంగ్లి, బుద్రి, గురుబారి, సుక్రి. ఇవాళ్టి పిల్లల్లో సినిమా పేర్లు పెరిగాయి. ఆ పిల్లల అమ్మలు ఆ పేర్లు ఇష్టపడే పెట్టారు. ఇష్టం అబద్ధం కాదు కదా! సామ్రాజ్యం ఇష్టంగా మారే ఆ మలుపు దగ్గరే ఈ నవలలన్నీ కాపు కాస్తాయి.

మార్టీన్ కల్పనల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ‘ఇమాగో’. ల్సెల్‌లో మనిషి పోయినా అతని అనుభవం పోకూడదు; అంత చిన్న ఊరికి ఆ ఖర్చు భరించే స్తోమతు లేదు. కాబట్టి పోయినవాళ్ల జ్ఞాపకాన్ని చిన్న యంత్రంలో నింపి, వారసుడి మెదడు మొదట్లో అమరుస్తారు. కొన్నాళ్లకు ఇద్దరూ కలిసి ఒక మనిషవుతారు. మహీత్ తలలో ఉన్నది మునుపటి రాయబారి యిస్కందర్, అదీ పదిహేనేళ్ల కిందటి యిస్కందర్. ఆ తర్వాత అతనేం చేశాడో, ఎందుకు చచ్చాడో తలలో ఉన్నవాడికే తెలియదు. రాజధానిలో తన శవాన్ని తానే చూసి అతను బెదిరిపోయి మూగబోతాడు. సామ్రాజ్యానికి ఈ యంత్రం సంగతి తెలిస్తే రోత పుడుతుంది. ఆ రోత వెనకే ఆశ కూడా: ముసలి చక్రవర్తికి చావు లేకుండా చేసే దారి ఇదేనేమో! మిగతాది చెబితే కథ పాడవుతుంది.

ఇది చదివినప్పుడు అరకుకు ఈశాన్యాన ఉన్న సవర కొండలు గుర్తొచ్చాయి. 1970ల నుంచీ సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చిన కేంబ్రిడ్జి మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ అక్కడ చూసింది ఇదీ: పూజారిణి సోలిపోతుంది, పోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె నోటితో మాట్లాడతారు. బతికున్నవాళ్లు చుట్టూ చేరి వాళ్లతో వాదిస్తారు, తగువులు తీర్చుకుంటారు, ఏడుస్తారు, వేళాకోళమాడతారు. ఒక చావు మీద ఈ మాటలు ఏళ్ల తరబడి సాగుతాయి. చివరికి పోయినవాడి కోపతాపాలు చల్లారి, పూర్వీకుల్లో కలిసి, పుట్టిన బిడ్డకు తన పేరిస్తాడు. మెదడులో యంత్రం అక్కర్లేని ఇమాగో. విటెబ్‌స్కీ 1993 నాటి మొదటి పుస్తకం ఆ సంభాషణల గురించి. 2017లో వచ్చిన రెండో పుస్తకం అవి ఆగిపోవడం గురించి. ఈలోగా కుర్రకారులో చాలామంది బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లారు. చదువూ, కాగితం చూసి భయపడకపోవడం, కొండ కింది లోకంలో తలెత్తుకుని నడవడం అందులో కనిపించాయి వాళ్లకు. వాళ్లను తప్పుపట్టడానికి మనమెవరం? ఆ పాత మాటల కోసం మైదానంలో కూర్చుని బెంగపడడం తేలిక. కొండ మీద పూజారిణి ముందు రాత్రంతా కూర్చోవలసింది మనం కాదు.

సవరలు ఇంకో జవాబు కూడా చెప్పారు. 1936లో మంగయ్ గొమాంగో తమ భాషకు సొంత లిపి చేశాడు, సొరాంగ్ సొంపెంగ్. అక్షరాలకు దేవతల్ని ముడిపెట్టాడు. అక్షరాల్నే కొలిచే పంథా మొదలైంది. సామ్రాజ్యం చేతిలో ఉన్న మంత్రదండం రాత అని కనిపెట్టి, అలాంటి దండం ఒకటి తానే చెక్కుకోవడం ఇది. అంతకు ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చి, వ్యాకరణం, నిఘంటువు కట్టారు, సవర పిల్లలకు బళ్లు పెట్టారు. సర్కారు ఆయనకు రావుసాహెబ్ బిరుదిచ్చింది, కైజర్-ఇ-హింద్ పతకమిచ్చింది. పర్లాకిమిడిని 1936లో ఒడిశాలో కలిపితే ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. ఒకే జీవితంలో పతకం, సవర నిఘంటువు, సరిహద్దు గీత. స్పేస్ ఒపెరాలో ఈయన పాత్ర పెడితే అతిగా ఉందని సంపాదకుడు కొట్టేస్తాడు.

కాగితం అన్నాను కాబట్టి, రాయసం ఈ కథల్లో ఆయుధం. తెయిష్కలాన్‌లో రహస్య లేఖల తాళంచెవి పద్యమే. ఇరుకులో పడ్డప్పుడు మహీత్ సాయం కోసం వదిలే కేకా పద్యమే. మన్యంలో 1922లో అల్లూరి మిరపకాయ టపా పంపేవాడు: బాణానికి మిరపకాయలతో పాటు కట్టిన లేఖ, ఫలానా రోజు వస్తున్నానని కబురు. ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి ఠాణాలు వరసగా కొట్టాడు. పట్టుకుపోయిన తుపాకుల లెక్క స్టేషను డైరీలోనే రాసి సంతకం చేశాడు. చిన్నప్పుడు ఇది ధైర్యంగా కనిపించేది. ఇప్పుడు ఇంకోటీ కనిపిస్తోంది. సర్కారును కూల్చడానికి వచ్చినవాడు సర్కారు రిజిస్టరులోనే రసీదు రాసిచ్చాడు. ఆ రిజిస్టరుకు ఉన్న గౌరవం లాక్కోవాలంటే ముందు దాన్ని గౌరవించాలి మరి. ముఠాదార్లనూ కచేరీ ఇలాగే పట్టింది, సనదు అనే కాగితంతో. కొండ మీద తరతరాల పెత్తనం ఉన్నవాడు ఒకరోజు పొద్దున్నే లేచి, ఆ పెత్తనం కాగితం మీద ఉందా లేదా అని చూసుకోవలసి వచ్చింది. ముఠాదారీని చట్టం రద్దు చేసింది 1969లో.

‘డ్యూన్’లో ఎడారి జనానికి నాయకుడై నిలిచేవాడు బయటి గ్రహం దొరబిడ్డ. హెర్బర్ట్‌కే ఆ నాయకత్వం మీద అనుమానం, 1969లో రెండో నవల రాసి ఆ వీరుణ్ని కిందికి దించాడు. మన కథలో పాండ్రంగిలో పుట్టిన మైదానపు కుర్రాడు కొండకు నాయకుడయ్యాడు, 1924 మే 7న ప్రాణమిచ్చాడు. ఆ త్యాగానికి వంక పెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ వందేళ్లుగా మన్యం కథను మనం ఆయన ముఖం మీదే వెలుగు వేసి చెబుతున్నాం. 1974లో కృష్ణ సినిమా అయినా, 2022లో ‘ఆర్ఆర్ఆర్’ అయినా. రెండోదాంట్లో రామరాజు తెల్లవాళ్ల పోలీసు యూనిఫాంలో ఉంటాడు. సామ్రాజ్యం మోజును తెలుగు తెర మీద చూపడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. కానీ అది పైపై వేషమని సినిమా తొందరపడి చెప్పేస్తుంది. ఆ యూనిఫాం అతనికి ఒక్క పూటైనా నచ్చి ఉంటే కథ ఇంకో మెట్టెక్కేది.

‘బాహుబలి’ ఇంకా సూటి. మాహిష్మతికి జలపాతాలూ బంగారు విగ్రహాలూ ఇచ్చి, దాని మీదికి వచ్చే కాలకేయులకు నల్లరంగు పూసి, మదన్ కార్కీ చేత కిలికి అనే భాష కట్టించి ఇచ్చారు. భాష కట్టడం స్పేస్ ఒపెరా పనే, దాన్ని ఏ చివర నిలబడి వింటున్నామన్నది వేరే సంగతి. ఆ జనంలో ఒక్కడికైనా మాహిష్మతి పద్యం ఒకటి నోటికి వచ్చి ఉంటే? ‘కల్కి 2898 ఏడీ’లో భైరవ మటుకు అసలైన స్పేస్ ఒపెరా మనిషి. కాశీని ఎండగట్టి పైన తేలే కాంప్లెక్సులోకి ఎలాగైనా వెళ్లాలని యూనిట్లు కూడబెడుతుంటాడు. పీడించేదాని గుమ్మం ముందు సిగ్గులేకుండా వరసలో నిలబడ్డాడు. ఆ సినిమాలో నాకు నమ్మబుద్ధేసిన పాత్ర అతనొక్కడే.

లెకీ రెండో నవల ‘యాన్సిలరీ స్వోర్డ్’లో టీ తోటలుంటాయి. రాచ్ పౌరులకు టీ కప్పు నాగరికతకు గుర్తు. ఆ ఆకు తెంపేది ఓడిపోయిన గ్రహాల నుంచి తరలించిన కూలీలు, అప్పుల్లో కూరుకుపోయి. తూర్పు కనుమల్లో తెల్లవాళ్లు కాఫీ నాటడం 1898లో పాములేరు లోయలో మొదలైంది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. లెకీ తోటకూ దీనికీ తేడా చాలా ఉంది. ఇక్కడ చిన్న చిన్న తోటలు గిరిజన రైతులవే, మంచి ధర పలికిన ఏడు వాళ్ల ఇళ్లకు రేకులు మారతాయి. అయినా అరకు లోయ ఎలా ఉంటుందని బయటివాణ్ని అడిగితే కాఫీ రుచి చెబుతాడు, ఆ ఇంటి చోడి అంబలి రుచి చెప్పడు.

ఈ నవలల బలహీనతా ఇక్కడే బయటపడుతుంది. వాటికి దర్బారు యావ ఎక్కువ. మార్టీన్ పుస్తకంలో రాజధాని వీధులు, పూలు, పానీయాలు కళ్లకు కడతాయి. ల్సెల్ గనిలో తవ్వేవాడి ముఖం మనకు చివరిదాకా కనిపించదు. 2021లో వచ్చిన రెండో భాగం ‘ఎ డెసొలేషన్ కాల్డ్ పీస్’ పేరు రోమన్ చరిత్రకారుడు టాసిటస్ నుంచి తీసుకున్నది. రోమ్ మీద నిలబడ్డ బ్రిటన్ తెగ నాయకుడు కల్గాకస్ చేసిన ప్రసంగంలోని మాటలవి. ఆ ప్రసంగం రాసింది రోమన్ కలమే. సామ్రాజ్యం మీద చెప్పిన అతి ఘాటైన మాట కూడా సామ్రాజ్యపు భాషలోనే మిగిలింది. రంప గురించి మనకున్నదీ చాలా మటుకు కలెక్టర్ల రిపోర్టులు, గెజిటీర్లే. వాటిని చదివి ఆ ఇంగ్లీషు ఎంత బావుందో అని ఒక్కసారైనా అనుకోని చరిత్ర విద్యార్థి ఉంటాడని నేననుకోను. నేనైతే అనుకున్నాను.

తెలుగులో ఎవరైనా ఈ తరహా నవల రాస్తే దానికి మనిషి సిద్ధంగానే ఉన్నాడు, గాం మల్లు దొర. బట్టిపనుకుల గాం సోదరుల్లో ఒకడు. అన్న గంటం దొర ఊరి పెత్తనం పోగొట్టుకున్నవాడు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల వెట్టి మన్యాన్ని ఉడికిస్తున్న రోజులవి. అన్నదమ్ములిద్దరూ అల్లూరి పక్కన నిలబడ్డారు. గంటం దొర 1924లోనే చనిపోయాడు. మల్లు దొర పట్టుబడి, ఏళ్ల తరబడి జైల్లో ఉండి బతికి బయటికొచ్చాడు. తొలి సార్వత్రిక ఎన్నికల్లో, 1952లో, విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా గెలిచి లోక్‌సభకు వెళ్లాడు.

అప్పట్లో లోక్‌సభ కొలువుదీరిన ఢిల్లీ గుండ్రటి భవనానికి పునాదిరాయి వేసింది 1921లో, తలుపులు తీసింది 1927లో. మన్యంలో పోరు నడిచిన రెండేళ్లూ అక్కడ దాని గోడలు లేస్తూనే ఉన్నాయి. ఆ నవల మొదటి పేజీలో మల్లు దొర ఆ 144 స్తంభాల వరండాలో నిలబడి ఉండాలి. తల పైకెత్తి చూడాలి. భవనం ఆయనకు అందంగా కనిపించాలి.